భీమిలిలో యువజన సంఘం రిజిస్ట్రేషన్: బైలాలో ఏం రాసుకోవాలి?

భీమిలి_గాలి:
మా వీధిలో 32 మందిమి. సాయంత్రాలు వాలీబాల్, ఆదివారం చిన్న రీడింగ్ రూమ్, చవితికి పందిరి. నెలకు తలా 100 చందా. ఆ డబ్బంతా ఇప్పటిదాకా ఒకరి సొంత యూపీఐలోకే పోతోంది. ఇక రిజిస్టర్ చేయించి బ్యాంకు ఖాతా తెరవాలి. ఎక్కడికి వెళ్లాలి, ఏ కాగితాలు కావాలి? నెట్‌లో దొరికే నమూనా బైలా (సంఘం నియమావళి) పెట్టేస్తే చాలదా? ఇంకోటి, వాలీబాల్ స్తంభాలు రెండేళ్లకే నేల దగ్గర తుప్పు తినేసి ఒరిగిపోయాయి.

రసీదు_పుస్తకం:
ఇది ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కిందకి వస్తుంది. కనీసం 7 మంది సభ్యులుండాలి. చూసేది జిల్లా రిజిస్ట్రార్. మెమోరాండంలో (సంఘం స్థాపన పత్రంలో) సంఘం పేరు, ఆఫీసు చిరునామా, ఆశయాలు, కార్యవర్గం పేర్లు, వృత్తులు, చిరునామాలు రాసి బైలా జతచేయాలి. గది అద్దెదైతే యజమాని ఒప్పుకోలు కాగితం ముందే తీసుకోండి. పేర్లు రెండు మూడు అనుకుని వెళ్లండి. ఇప్పటికే ఉన్న సంఘం పేరుకు దగ్గరగా ఉన్నా, ప్రభుత్వ సంస్థేమో అనిపించినా ఒప్పుకోరు.

నమూనా బైలా మాత్రం అలాగే దించకండి. గొడవలు పుట్టేది దాని దగ్గరే. ముఖ్యంగా ఓటు ఎవరికో తేల్చకపోతే ఎన్నికకు వారం ముందు ఒక వర్గం ఇరవై మందిని కొత్తగా చేర్చేస్తుంది. ‘చేరి 6 నెలలు దాటి, 3 నెలలకు మించి చందా బాకీ లేనివారికే ఓటు’ అని రాసుకోండి. కోరం (సభ చెల్లడానికి కనీసం రావాల్సినవాళ్లు) మూడో వంతు పెడితే, 32 మందిలో 11 మంది రావాలి. రాకపోతే ఏం చేయాలో చాలా బైలాల్లో ఉండదు. ‘అరగంట ఆగి, వచ్చినవాళ్లతోనే అదే ఎజెండా మీద సభ’ అని చేర్చండి. కార్యవర్గం 7 మంది, పదవీకాలం 2 ఏళ్లు. సరి సంఖ్య పెడితే ఓట్లు సగం సగం చీలి కూర్చుంటాయి.

సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లో కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కి దాఖలు చేయాలి. దీన్ని చాలా సంఘాలు వదిలేస్తాయి. తర్వాత కోశాధికారి మారినప్పుడు కొత్త సంతకాలు పెట్టించబోతే బ్యాంకు ఆ జాబితానే అడుగుతుంది. అది లేక ఖాతా స్తంభించిపోతుంది.

ఖాతాకి సంఘం పేరు మీదే పాన్ కావాలి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారిలో ఏ ఇద్దరైనా సంతకం పెట్టేలా తీర్మానం చేయండి. క్యూఆర్ కూడా సంఘం ఖాతాదే పెట్టాలి. రసీదు పుస్తకం కార్బన్ పెట్టేది, నంబర్లు అచ్చయినది తీసుకోండి. తప్పు రాస్తే చించేయకుండా అడ్డగీత కొట్టి, రెండు కాపీలూ పుస్తకంలోనే పిన్ చేసి ఉంచాలి. ఒక్క నంబరు కనబడకపోయినా ఆ డబ్బు ఎవరో తిన్నారనే అంటారు. చేతిలో నగదు 2,000 మించకూడదని రాసుకోండి.

ఉప్పుగాలి:
స్తంభాల సంగతి. పైపు నేలలోకి దిగే చోటే తుప్పు మొదలవుతుంది, ఎందుకంటే నీరు నిలిచేది అక్కడే. తుప్పు పట్టకుండా వేసే రెడ్ ఆక్సైడ్ రంగు ఒక్కటే కొడితే సముద్రం పక్కన ఆగదు. జీఐ పైపు (జింక్ పూత ఉన్న ఇనుప పైపు) తీసుకుని, కాంక్రీటు దిమ్మను నేల కంటే నాలుగైదు అంగుళాలు పైకి లేపి, చుట్టూ వాలు ఇవ్వండి. వెల్డింగ్ చేసిన చోట జింక్ పోతుంది గనక అక్కడ మళ్లీ జింక్ పెయింట్ కొట్టాలి. కాంక్రీటులో బీచ్ ఇసుక వేయొద్దు, అందులోని ఉప్పు ఇనుమును లోపలి నుంచే తినేస్తుంది. మైదానంలో పోసి ఉంది కదా అని దాన్నే కలిపేయడం మనవైపు మామూలే!

కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. వల ఎత్తు మగవాళ్లకి 2.43, ఆడవాళ్లకి 2.24 మీటర్లు. స్తంభాలు పక్క గీతకు అర మీటరు నుంచి మీటరు దూరంలో ఉండాలి. స్థలం జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ)దైతే తవ్వే ముందు రాతపూర్వక అనుమతి తీసుకోండి. బీచ్ మీదైతే పక్కా దిమ్మ జోలికే పోకండి, ఊడదీసే స్తంభాలు పెట్టుకోండి.

భీమిలి_గాలి:
ధన్యవాదాలండీ. పుస్తకాలకి విరాళం ఇస్తామన్నవాళ్లు 80జీ రసీదు (విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చేది) అడుగుతున్నారు. ఇప్పుడే తీసుకోవాలా?

రసీదు_పుస్తకం:
నన్నడిగితే మొదటి ఏడాది వద్దు. ముందు 12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్), దాంతో 80జీ, ఆడిటర్ ఖర్చు, ఏటేటా దాతల వివరాల దాఖలు. మీ చందా చూస్తే ఏడాదికి 38,400. దాతలకు కూడా పాత పన్ను విధానంలో ఉంటేనే లాభం, అదీ నగదుగా ఇస్తే 2,000 వరకే.

ఇంకో చిక్కు చవితి పందిరితో వస్తుంది. 80జీ ఉన్న సంస్థ మతపరమైన ఖర్చు ఏడాది ఆదాయంలో 5 శాతం దాటకూడదు. మీ లెక్కకి అది 1,920, పందిరి గుడ్డకే చాలదు. అందుకని చవితి వసూళ్లు సంఘం ఖాతాలోకి రానివ్వకండి. ఉత్సవ కమిటీకి వేరే పుస్తకం, వేరే రసీదులు పెట్టి, మైకు అనుమతి కూడా ఆ కమిటీ పేరునే అడగండి.