వేసవిలో పడవ ఫ్రిజ్ చల్లబడటం లేదు: గ్యాస్ నింపించే ముందు ఏం చూడాలి?

ప్రశ్న:

నమస్కారం. మేము మేరీలాండ్‌లో ఉంటున్నాము. చీసపీక్ అఖాతంలో నడుపుకొనే మా పాత తెరచాప పడవలో, మూత పైకి తెరుచుకొనే ఫ్రిజ్ పెట్టెకు 12 వోల్టుల కంప్రెసర్ అమర్చి ఉంది. ఏప్రిల్‌లో చక్కగా పనిచేస్తుంది. జులై వచ్చేసరికి మాత్రం కంప్రెసర్ ఆగకుండా తిరుగుతున్నా పాలు విరిగిపోతున్నాయి, తెల్లవారేసరికి బ్యాటరీ దిగిపోతోంది. గ్యాస్ తగ్గిందేమోనని మెకానిక్‌ను పిలవబోతున్నాను. అంతకుముందు నేనే సరిచూసుకోదగినవి ఉంటే దయచేసి తెలుపగలరు.

సమాధానం:

గ్యాస్ జోలికి ఇప్పుడే వెళ్ళవద్దని నా మనవి. పెట్టె లోపల చల్లబడే పలక (ఎవాపరేటర్) అంతటా సమంగా మంచు పడుతుంటే గ్యాస్ సరిపడా ఉన్నట్టే. ఒక మూలనే మంచు కట్టి తక్కినది తడిగా ఉండిపోతే అప్పుడు అనుమానించవచ్చు. ఇంత చిన్న యంత్రంలో గ్యాస్ కాస్త ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది.

వేసవిలోనే ఇబ్బంది పెడుతోంది కాబట్టి ముందు కండెన్సర్‌కు, అంటే కంప్రెసర్ పక్కనే ఉండి వేడిని బయటికి వదిలే భాగానికి, అందే గాలిని చూడండి. పాత పడవల్లో కంప్రెసర్‌ను సాధారణంగా సీటు కింది అరలో బిగిస్తారు. ఆ అరలోనే తాళ్ళు, లైఫ్ జాకెట్లు కుక్కడం వల్ల, కండెన్సర్ వదిలిన వేడి గాలినే ఫ్యాను మళ్ళీ లోపలికి లాగుతూ ఉంటుంది. అరలో ఒక థర్మామీటరు, గదిలో ఒకటి పెట్టి గంట తరువాత చూడండి. తేడా ఎక్కువగా ఉంటే అరకు కింద ఒక రంధ్రం, పైన ఒక రంధ్రం తెరిచి, చల్లని గాలి కింది నుంచి వచ్చి వేడి గాలి పైనుంచి పోయేలా చేయండి. కండెన్సర్ రేకుల మధ్య దుమ్మును మెత్తని బ్రష్‌తో తీసివేయండి.

తరువాత పెట్టె సంగతి. మూత రబ్బరు అంచు కింద కాగితం ముక్క పెట్టి లాగితే పట్టి ఉండాలి. అడుగున నీరు పోయే రంధ్రం తెరిచి ఉంటే, చల్లని గాలి బరువైనది గనుక, రాత్రంతా అందులోంచి జారిపోతూనే ఉంటుంది. దానికి బిరడా పెట్టండి. గోడల్లోని ఫోమ్ ఏళ్ళ తరబడి తేమ పీల్చి ఉంటే ఏ కంప్రెసరూ ఆదుకోలేదు, ఎందుకంటే నీరు మంచి ఫోమ్ కన్నా ఇరవై రెట్లకు పైగా వేడిని ప్రసరింపజేస్తుంది. మన వేసవికి నాలుగు అంగుళాల మందం ఉండటం మంచిది. చాలామంది గోడలకు శ్రద్ధగా ఫోమ్ వేసి, మూతను పలుచగా వదిలేస్తారు.

మళ్ళీ ప్రశ్న:

కృతజ్ఞతలండీ. అరలో 46 డిగ్రీలు, గదిలో 31 డిగ్రీలు ఉంది. అడుగు రంధ్రం కూడా తెరిచే ఉంది. మరి బ్యాటరీ మాటేమిటి?

సమాధానం:

పదిహేను డిగ్రీల తేడా చాలా ఎక్కువ. ఈ వారమే ఆ అర ఖాళీ చేయండి. మీది డాన్‌ఫాస్ బీడీ 35 రకం కంప్రెసర్ అయితే, 12 వోల్టుల ఏర్పాటులో మామూలుగా 10.4 వోల్టుల దగ్గర తనంతట తానే ఆగిపోతుంది. కంప్రెసర్‌ను నడిపే ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్‌కు చిన్న దీపం బిగించి ఉంటే, అది ఒక్కొక్కసారి చొప్పున వెలిగి ఆరితే వోల్టేజి తగ్గిందని, అయిదేసిసార్లు వెలిగితే ఆ యూనిట్ వేడెక్కిందని అర్థం. బ్యాటరీ నుంచి కంప్రెసర్ దాకా 6 మీటర్ల దూరం ఉంటే 6 చదరపు మిల్లీమీటర్ల తీగ ఉండాలి. సన్నని తీగ వేస్తే బ్యాటరీ నిండుగా ఉన్నా కంప్రెసర్ దగ్గర వోల్టేజి పడిపోతుంది. అందుకే కంప్రెసర్ నడుస్తుండగా దాని టెర్మినళ్ళ దగ్గరే కొలవండి. రంధ్రం మూసి, గాలి దారి తెరిచాక, ఒక రాత్రి గంటకు ఎన్ని నిమిషాలు తిరుగుతోందో రాసి ఇక్కడ పెట్టండి. ఫోమ్ మార్చాలా వద్దా అన్నది ఆ అంకెను చూసి చెప్పగలను.