జ్ఞానప్రసూన అని పెడితే జనానికి నోరు తిరుగుతుందా?

ప్రశ్న: పాపకి ఈ పేరే పెట్టాలని మా అత్తయ్యగారి పట్టు. శ్రీకాళహస్తి అమ్మవారి పేరు కాబట్టి నాకూ ఇష్టమే, కానీ మేముండేది ఢిల్లీలో, రేపు స్కూల్లో ఏమని పిలుస్తారో అని టెన్షన్. ఇప్పుడెవరైనా పెడుతున్నారా?

జవాబు: అక్కడ 'గ్యాన' అనే అంటారండీ, తప్పదు. మనం 'గ్నాన' అంటాం, మరాఠీవాళ్లు 'ద్న్యాన' అంటారు. జ కింద ఞ వత్తు ఉన్నది ఉన్నట్టు పలికేవాళ్లు మనలోనే తక్కువ.

జవాబు: మా తిరుపతి వైపు పెద్దవాళ్లలో వినిపిస్తుంది, పిల్లల్లో అరుదే. క్లాసులో నలుగురు ఆద్యల మధ్య ఇదొక్కటే ఉంటుంది, మంచిదేగా!

జవాబు: ఇంగ్లిష్ స్పెల్లింగు ముందే తేల్చుకోండి. 'జె'తో రాస్తే 'జ్నాన' అని చదివేస్తారు. బర్త్ సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి పడిందంటే ఆఫీసుల చుట్టూ తిరగలేక చస్తారు. ఇంట్లో ప్రసూన అనుకోండి, హాయిగా ఉంటుంది.