25 ఫ్రేముల డీవీడీని 24కి మారిస్తే పాటల శ్రుతి కుదరడం లేదు

ప్రశ్న: అమ్మ దాచుకున్న పాత సినిమా పాల్ (సెకనుకి 25 ఫ్రేముల టీవీ పద్ధతి) డీవీడీని సెకనుకి 24 ఫ్రేములకి మార్చాను. బొమ్మ బాగుంది, మాటలు మాత్రం పెదవుల కంటే ముందే వచ్చేస్తున్నాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో (వీడియో, ఆడియో మార్చే సాఫ్ట్‌వేర్) ఎటెంపో (ఆడియో వేగం మార్చే ఫిల్టర్) 0.96 పెడితే సింక్ కుదిరింది. కానీ పాటలు నా హార్మోనియంలో ఏ మెట్టుకీ కలవడం లేదండీ. ఏం చేయాలి?

జవాబు: ఎటెంపో నిడివిని మారుస్తుంది, శ్రుతిని ముట్టుకోదండీ. 24 ఫ్రేముల సినిమాని పాల్ కోసం 25తో నడిపితే వేగం 4 శాతం పైగా పెరుగుతుంది, శ్రుతి ముప్పావు మెట్టుకి కాస్త తక్కువగా పైకెక్కుతుంది. అందుకే మీ పాట రెండు మెట్ల మధ్య ఇరుక్కుంది. ఎటెంపో తీసేయండి. ఆడియో 48000 హెర్ట్జ్ అయితే ఎసెట్‌రేట్ (ఆడియో శాంపిళ్లు నడిచే రేటు మార్చే ఫిల్టర్) 46080 ఇచ్చి, వెనకే ఎరీశాంపిల్ (మళ్లీ మామూలు రేటుకి తెచ్చే ఫిల్టర్) 48000 పెట్టండి. వేగం, శ్రుతి కలిసి దిగుతాయి. పాత గాయకుల గొంతులోని నిండుదనం అప్పుడే వినిపిస్తుంది. ఈ శ్రమ తప్పకుండా పడాలంటాను.

మరో జవాబు: ఒక్క జాగ్రత్త. కొన్ని డిస్కుల్లో శ్రుతిని ముందే సరిచేసి ఉంటారు, వాటికి ఎటెంపోనే కరెక్ట్. ముందు అదే పాటని ఆడియో సీడీతో పోల్చి వినండి. పెళ్లి వీడియోలు సాధారణంగా 25తోనే తీసినవి, వాటిని అలాగే ఉంచేయండి.