మెక్‌టామినేని అమ్మడం మాంచెస్టర్ యునైటెడ్ తప్పా, లేక అక్కడే ఉంటే ఇలా ఆడేవాడే కాదా?

ఓల్డ్‌ట్రాఫర్డ్_ఒంగోలు:
పాత గొడవే, కానీ మళ్ళీ తవ్వాల్సిందే. 2025 నవంబర్ 18న గ్లాస్గో హ్యాంప్‌డెన్ స్టేడియంలో డెన్మార్క్ మీద స్కాట్లాండ్ మిడ్‌ఫీల్డర్ మెక్‌టామినే మూడో నిమిషంలోనే గాల్లోకి లేచి కొట్టిన ఆ బైసికిల్ కిక్ చూశారు కదా, మనకి అప్పుడు రాత్రి ఒంటిగంట దాటింది, పక్కింటాళ్ళు ఏమనుకుంటారో అని నోరు నొక్కుకుని అరిచా. 4-2తో గెలిచి స్కాట్లాండ్ 1998 తర్వాత మళ్ళీ వరల్డ్ కప్‌కి వెళ్ళింది. ఇదే మనిషిని 2024 ఆగస్టులో మనోళ్ళు రెండున్నర కోట్ల పౌండ్లకి ఇటలీ క్లబ్ నాపోలీకి ఇచ్చేశారు. అయిదేళ్ళ పిల్లాడిగా అకాడమీలో చేరినవాడు! ఆ సీజన్‌లో వాడు ఇటలీ లీగ్ గెలిచి బెస్ట్ ప్లేయర్ అవార్డు పట్టుకుపోయాడు, మనం 15వ స్థానంలో తేలాం. ఇది తప్పు కాదనేవాళ్ళు ఎవరైనా ఉంటే రండి.

లెక్కలమాస్టారు:
నేనున్నా. ఇందులో ఎమోషన్ పక్కన పెట్టి ఖాతాలు చూడాలి. బయటి నుంచి కొన్న ప్లేయర్ ఖర్చుని కాంట్రాక్ట్ ఎన్నేళ్ళుంటే అన్నేళ్ళకి పంచి రాస్తారు, అకాడమీ కుర్రాడికి కొన్న ధరే ఉండదు కాబట్టి అమ్మితే వచ్చిందంతా ఆ ఏడాది లాభమే. ప్రీమియర్ లీగ్ నష్టాల పరిమితి రూల్ మెడ మీద కత్తిలా ఉన్నప్పుడు ఏ క్లబ్బైనా చూసేది ముందు సొంత కుర్రాళ్ళ వైపే. అదే వారంలో ఫ్రాన్స్ క్లబ్ పీఎస్‌జీ నుంచి మిడ్‌ఫీల్డర్ ఉగార్తేని నాలుగు కోట్ల పౌండ్లు పైనే పెట్టి తెచ్చారు, ఆ డబ్బుకి దారి ఇదే. అప్పటి మేనేజర్ టెన్ హాగ్ కూడా తనకి వదలడం ఇష్టం లేదనీ రూల్స్ వల్లే అనీ బయటికే చెప్పాడు. ఇంకా అప్పటికి మిడ్‌ఫీల్డ్‌లో కుర్రాడు మైనూ వచ్చేశాడు, కాసెమిరో ఉన్నాడు.

వరంగల్_వింగర్:
మాస్టారూ గట్లెట్ల అంటరు, లెక్క కరెక్టే గానీ ఎవర్ని అమ్మాల్నో రూల్‌ల రాసి లేదు కద. అమ్మి ఎవర్ని తెచ్చిన్రు, గది చూడుండ్రి. ఉగార్తే బాల్ గుంజుకుంటడు, మంచిగనే, మరి గోల్ ఎవడు కొట్టాలె? 2023-24ల మెక్‌టామినే అన్ని పోటీలు కలిపి 10 గోల్స్ కొట్టిండు, అందుల చాన మ్యాచ్‌లకు బెంచ్ మీదికెళ్ళే వచ్చిండు. బ్రెంట్‌ఫర్డ్ మీద 1-0తోని ఓడిపోతున్నప్పుడు ఆఖర్ల దిగి ఇంజరీ టైంల రెండు కొట్టి గెలిపించిండు, డిసెంబర్‌ల చెల్సీ మీద ఇంకో రెండు. ఎఫ్‌ఏ కప్ ఫైనల్ల మాంచెస్టర్ సిటీ మీద స్టార్ట్ చేసిండు, కప్ గెలిచినం. మూడు నెలలకు బై బై.

కాకినాడ_నెంబర్‌సిక్స్:
అన్నా, అదంతా ఇప్పుడు తియ్యగా కనపడుతోంది. మెక్‌ఫ్రెడ్ అని పక్కన ఆడే ఫ్రెడ్‌తో కలిపి జోక్ చేసింది ఎవరు? మనమే. 255 మ్యాచ్‌లు ఆడాడు, 29 గోల్స్. వెనక నుంచి బాల్ అందుకోవడం రాదు, ఒత్తిడి వస్తే పక్కకి పాస్ ఇచ్చి చేతులు దులుపుకుంటాడు అని ప్రతి మ్యాచ్ తర్వాత తిట్టాం, తిట్టడంలో న్యాయం కూడా ఉంది.

డల్లాస్_బాబాయ్:
ఇక్కడే అసలు సంగతి తప్పిపోతోంది. మీరందరూ అమ్మాలా వద్దా అని కొట్టుకుంటున్నారు, నా గొడవ అంతకు ముందు ఏడేళ్ళది.

2017లో అప్పటి మేనేజర్ మౌరిన్యో ఆర్సెనల్ గ్రౌండ్ ఎమిరేట్స్‌లో మొదటిసారి దించాడు, మరుసటి ఏడాది వాడికోసమే మేనేజర్ అవార్డు ఒకటి పుట్టించి మరీ ఇచ్చాడు, బాగానే ఉంది. కానీ ఎత్తున్నాడు, బలంగా ఉన్నాడు కాబట్టి డిఫెన్స్ ముందు కాపలా కాయి అన్నారు. తర్వాత వచ్చిన మేనేజర్ సోల్‌షేర్ కూడా అదే. లీడ్స్ మీద 6-2 మ్యాచ్ గుర్తుందా, 2020 డిసెంబర్, మొదటి మూడు నిమిషాల్లో రెండు గోల్స్. రెండూ వెనక నుంచి ముందుకి పరిగెత్తి కొట్టినవే. అది చూసి కూడా ఎవరికీ వెలగలేదు, తర్వాతి వారం మళ్ళీ కాపలాకే.

స్కాట్లాండ్‌లోనూ మొదట్లో ఇదే కథ, కోచ్ స్టీవ్ క్లార్క్ ముగ్గురు డిఫెండర్లలో ఒకడిగా ఆడించాడు. కానీ ఆయన మార్చాడు. 2023 మార్చి 25న సైప్రస్ మీద బెంచ్ నుంచి వచ్చి రెండు, మూడు రోజులకి స్పెయిన్ మీద రెండు, స్పెయిన్ అంటే స్పెయిన్! ఆ యూరో క్వాలిఫయింగ్‌లో మొత్తం 7. అంటే అమ్మడానికి ఏడాదిన్నర ముందే గ్లాస్గోలో అందరి కళ్ళ ముందూ జవాబు ఉంది.

నాపోలీలో కోచ్ కాంటే చేసింది మంత్రం కాదు. బాల్ తిప్పే పని లోబోట్కాకి ఇచ్చాడు, పక్కన అంగిస్సాని పెట్టాడు, ముందు లుకాకు డిఫెండర్లని వీపు మీద మోస్తుంటే ఆ ఖాళీలోకి మెక్‌టామినేని వదిలాడు. జనవరిలో వింగర్ క్వారత్‌స్ఖేలియా పీఎస్‌జీకి వెళ్ళాక ఎడమ వైపు ఇంకా ఖాళీ దొరికింది. 12 లీగ్ గోల్స్, చివరి రోజు కాల్యారి మీద గాల్లో కత్తెరలా కొట్టిన గోల్, ఇంటర్ కంటే ఒక్క పాయింట్ ఎక్కువతో టైటిల్. నేపుల్స్ జనం గోడల మీద వాడి బొమ్మలు గీసుకున్నారు, వాడేమో ఇంటర్వ్యూల్లో అక్కడి టమాటాలు ఎంత బాగుంటాయో చెప్తాడు (మన ఊరి టమాటా తినలేదు పాపం).

కాకినాడ_నెంబర్‌సిక్స్:
బాబాయ్ ఇది బాగానే ఉంది కానీ యునైటెడ్‌లో అదే చోట కెప్టెన్ బ్రూనో ఉన్నాడు కదండీ. బ్రూనోని పీకి ఇతన్ని పెట్టమంటారా? ఇటలీ లీగ్ నెమ్మది అన్నది కూడా ఉంది.

డల్లాస్_బాబాయ్:
నెమ్మది అయితే అక్కడికెళ్ళిన ప్రతివాడూ బెస్ట్ ప్లేయర్ అవ్వాలి. స్కాట్లాండ్ మిడ్‌ఫీల్డరే సూనెస్ 84లో ఇటలీ క్లబ్ సాంప్‌డోరియాకి వెళ్ళాడు, కప్ గెలిచాడు, లీగ్ గెలవలేదు. లివర్‌పూల్‌లో యూరప్ ఏలినవాడు. బ్రూనో ప్రశ్న మాత్రం ఒప్పుకోదగ్గదే, బ్రూనోని ఒకడుగు వెనక్కి లాగొచ్చు, తర్వాత మేనేజర్‌గా వచ్చిన అమోరిమ్ చేసింది అదేగా.

లెక్కలమాస్టారు:
సరే, పొజిషన్ గురించి బాబాయ్ చెప్పింది కాదనను. కానీ ఆ ఏడాది మన టీమ్‌లో ఉండుంటే వాడూ 15వ స్థానంలోనే ఉండేవాడు. మన వింగర్ ఆంటొనీ స్పెయిన్ క్లబ్ బెటిస్ వెళ్ళగానే ఆడాడు, వీడు నాపోలీ వెళ్ళగానే ఆడాడు. రోగం ఇంట్లో ఉంటే ఒక్క మనిషిని ఆపి ఏం లాభం? వాడికి మాత్రం వెళ్ళడమే మంచిదైంది.

ఓల్డ్‌ట్రాఫర్డ్_ఒంగోలు:
వాడికి మంచిదైందని ఏడవట్లేదు మాస్టారూ, మనకి ఏమైందని అడుగుతున్నా. యూరోపా ఫైనల్లో బిల్బావోలో టోటెన్‌హామ్ మీద 1-0 వెనకబడి ఆఖరి అరగంట బాక్స్‌లోకి క్రాసులు వేసుకుంటూ కూర్చున్నాం, తల పెట్టేవాడు లేడు. రెండు రోజులకి వాడు కాల్యారి మీద ఆ గోల్ కొట్టాడు.

వరంగల్_వింగర్:
గది మాట. ఇంకోటి, మైనూ గుడ అకాడమీ పోరడే, మాస్టారు లెక్కల ఆయన గుడ పూర్తి లాభమే. దాని మీద వేరే టాపిక్ తెరుస్తున్న, అందరు అటు రాండ్రి.