అసలు టిఫిన్ అంటే ఏంటి, పొద్దుటిదా మధ్యాహ్నానిదా?

పెసరట్టు ప్రియుడు: పుణెలో ఉద్యోగం వచ్చి పీజీలో దిగా. ఓనరమ్మ "టిఫిన్ ఒంటిగంటకి వస్తుంది" అంది, నేను సరిగ్గా వినలేదేమో అనుకుని పొద్దున్నే ఎనిమిదింటికి ప్లేటు పట్టుకుని కూర్చున్నా. ఒంటిగంటకి స్టీలు డబ్బా వచ్చింది, రొట్టెలు, కూర, పప్పు, అన్నం. అది భోజనం కదండీ బాబూ! టిఫిన్ అంటే ఇడ్లీ, దోశ. వాళ్ళదే తప్పు, అవునా కాదా?

తెనాలి మాస్టారు: తప్పు వాళ్ళది కాదు నాయనా, పక్కకి జరిగింది మనమే. 1785లో లండన్‌లో గ్రోస్ అనే ఆయన వీధి మాటలన్నీ పోగేసి ఒక నిఘంటువు వేశాడు, అందులో టిఫింగ్ అంటే వేళ కాని వేళ తినడం, తాగడం. ఆ మాటే మన దేశంలో దొరల ఇళ్ళల్లో మధ్యాహ్నం తిండికి పేరైంది, 1886 నాటి హాబ్సన్ జాబ్సన్ అనే, మన దేశంలో ఇంగ్లీషువాళ్ళు వాడిన మాటల నిఘంటువులో కూడా టిఫిన్ అంటే మధ్యాహ్న భోజనమనే ఉంది. పుణె డబ్బాలో ఉన్నది ఆ పాత అర్థమే.

కరీంనగర్ పోరడు: గా దొరల ముచ్చట మనకెందుకు సార్, మా అమ్మ ఇప్పటికీ "నాష్తా చేసినవా బిడ్డా" అనే అడుగుతది.

తెనాలి మాస్టారు: అదీ బయటి మాటేగా, పారసీ. అక్కడ నాష్తా అంటే ఇంకా ఏమీ తినకుండా ఖాళీ కడుపుతో ఉండటం 😀

కరీంనగర్ పోరడు: అంటే ఇన్నేండ్ల సంది నేను రోజూ ఉపాసమే చేస్తున్ననా!

గోదారి పిల్ల: మనకి పలారం అనే మాట ఉందిగా, దాన్నెవరూ తలుచుకోరేం? మా మామ్మ శనివారం రాత్రి "నాకు పలారమే" అంటుంది, అసలు అర్థం పళ్ళు తినడం అయితే ఈవిడ తినేది ఉప్మా, అందులో పండు ఎక్కడుందో ఆ వెంకన్నకే తెలియాలి. ఒక్కోసారి ఇడ్లీ. అదీ బియ్యపు రవ్వే కదే మామ్మా అంటే "అన్నం కాదుగా" అంటుంది. నాకు అర్థమైంది ఏంటంటే టిఫిన్ వచ్చి ఈ పలారం పీట మీదే కూర్చుంది, వేళతో పని లేదు, అన్నం కాకపోతే చాలు, అందుకే చద్దన్నం పొద్దున్నే తిన్నా దాన్ని టిఫిన్ అనం. ఇంకోటి, టిఫిన్ "చేశారా" అంటాం, భోజనం చేసినట్టే, ఇంక అది పరాయి మాటెలా అవుద్ది?

అనంతపురం అబ్బి: అన్నం కాకపోతే చాలా? మా ఇంట్లో వారానికి మూడు దినాలు పొద్దున్నే చిత్రాన్నం, అదే టిఫిన్. ఇప్పుడేమంటావ్ అక్కా?

పెసరట్టు ప్రియుడు: ఆ లెక్కన మా ఊళ్ళో పొద్దున్నే అమ్మే పులిహోర పొట్లాలు కూడా టిఫినే!

గోదారి పిల్ల: ఆగండి, మామ్మని అడిగొస్తా.

గోదారి పిల్ల: అడిగా. "నిమ్మకాయ పిండితే అన్నం కాకుండా పోతుందా, మీరేమన్నా అనుకోండి, శనివారం మాత్రం నాకు పెట్టకు" అంది.