ఊళ్ళో సర్వేకి ఆదాయం బదులు ఆస్తులు అడిగితే ఇంటి స్థితి తెలుస్తుందా?

నాగావళి_పిల్ల (ప్రశ్న)

అందరికీ నమస్తే. నేను ఎమ్మే ఎకనామిక్స్ ఫైనలియర్, మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. ప్రాజెక్టు కోసం మా మండలంలోనే రెండు ఊళ్ళు తీసుకుని ఇంటింటి సర్వే చేస్తన్నాను, ఇంటి స్థితికీ పిల్లల చదువుకీ ఉన్న సంబంధం చూడటం టాపిక్. ఇబ్బందంతా ఒక్క ప్రశ్న దగ్గరే వస్తంది, "నెలకి ఎంత వస్తుందండీ" అన్న దగ్గర. నిజంగానే వాళ్ళ దగ్గర నెల లెక్క లేదు. ఒక ఇంట్లో ఆయన ఊడ్పులకీ కోతలకీ కూలికెళ్తాడు, ఆమె ఉపాధి పనికెళ్తుంది, కొడుకు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేసి సంక్రాంతికి వచ్చినప్పుడు ఒకేసారి డబ్బులు చేతిలో పెడతాడు, తినే బియ్యంలో కొంత సొంత మడిలోవి కొంత రేషన్‌వి, మరి దీన్ని నెలకి ఇంత అని నేనెలా రాయను? ఇంకొందరు నా చేతిలో కాగితాలు చూడగానే "కార్డు తీసేస్తారేటమ్మా" అని అడుగుతున్నారు. ఆ మాట వచ్చాక ఆ వీధిలో అందరిదీ ఒకటే వరస, ఎనిమిది వేలు, తొమ్మిది వేలు. పదివేలు దాటిన ఇల్లు ఒక్కటీ లేదు, ట్రాక్టర్ ఉన్నాయన ఇల్లు కూడా.

మా గైడ్ గారు ఆదాయం వదిలేసి టీవీ, ఫ్రిజ్, బైకు ఇలాంటి ఆస్తుల లిస్టు పెట్టుకోమన్నారు. ఏ వస్తువులు పెట్టాలి, దేనికెన్ని మార్కులు వెయ్యాలి, అసలు వస్తువులు చూసి ఈ ఇల్లు కలిగినది ఈ ఇల్లు లేనిది అని చెప్పెయ్యొచ్చా? ఫీల్డులో తిరిగిన వాళ్ళెవరైనా చెప్పండి ప్లీజ్.

సర్వేల_మనిషి

చెల్లీ, సర్వేలు చేసే వాళ్ళందరికీ ఉన్న తలనొప్పే ఇది. 1992-93లో మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగినప్పుడు ఆదాయం, ఖర్చు రెండూ అడగలేదు గానీ ఇంట్లో ఏ వస్తువులున్నాయి, ఇల్లు దేంతో కట్టారు, నీళ్ళెక్కడివి, మరుగుదొడ్డి ఉందా, భూమెంత ఇవన్నీ అడిగారు. ఫిల్మర్, ప్రిచెట్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ డేటాతోనే ఆస్తుల స్కోరు కట్టి, పిల్లలు బడికెళ్ళడానికీ దానికీ ఉన్న సంబంధం మీద 2001లో పేపర్ వేశారు, నీ టాపిక్కే అది, ముందు సంపాదించి చదువు. ఖర్చు, ఆస్తులు రెండూ అడిగిన నేపాల్, ఇండోనేషియా, పాకిస్తాన్ సర్వేల్లో కూడా పోల్చి చూశారు, బడి విషయంలో ఆస్తుల స్కోరు ఖర్చు లెక్కకి ఏం తీసిపోలేదు. 2019-21 నాటి ఐదో సర్వేలో వెల్త్ ఇండెక్స్ అని ఇచ్చింది కూడా ఈ దారిలోదే.

మార్కులు మాత్రం నీ చేత్తో వెయ్యకు. టీవీకి 2, బైకుకి 5 అని పెడితే వైవాలో ఎందుకని అడుగుతారు, జవాబుండదు. ప్రిన్సిపల్ కాంపొనెంట్ అనాలిసిస్ అని ఉంటుంది, మీ డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లో ఎస్‌పీఎస్‌ఎస్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. ఏ వస్తువులు ఒకే ఇంట్లో కలిసి కనిపిస్తున్నాయో చూసి అదే వెయిట్లు ఇస్తుంది, ఫ్రిజ్ ఉన్న ఇళ్ళలోనే బైకూ స్లాబూ కూడా ఉంటే వాటికి ప్లస్, అవేవీ లేని ఇళ్ళలో మట్టి నేల, తాటాకు కప్పు ఉంటే వాటికి మైనస్. దాదాపు అందరికీ ఉన్నవి (సెల్‌ఫోన్, కరెంటు, గ్యాస్ బండ) పెట్టినా ఒకటే పెట్టకపోయినా ఒకటే, ఎవరినీ విడదీయవు. ఊరంతటికీ ఒకేసారి వచ్చిన కుళాయి కూడా అంతే, అది ఆ ఊరి సంగతి, ఇంటి సంగతి కాదు. అలాగే అట్టడుగు 20 శాతం అని నువ్వు రాసేది నీ రెండూళ్ళలో అట్టడుగు మాత్రమే, జాతీయ సర్వేలో అట్టడుగు 20 శాతం దేశం మొత్తం మీద లెక్క, రెండూ కలిపి రాస్తే తప్పు.

సచివాలయం_మెట్లు

నేను విజయనగరం జిల్లాలో గ్రామ సచివాలయంలో పని చేస్తాను. మీకు అందరూ పదివేల లోపే ఎందుకు చెప్తున్నారో నేను చెప్తానమ్మా. బియ్యం కార్డుకి పల్లెల్లో పెట్టిన ఆదాయం హద్దు నెలకి 10,000. దాంతో పాటు మాగాణి 3 ఎకరాల లోపు, మెట్ట అయితే 10 ఎకరాల లోపు, కరెంటు నెలకి 300 యూనిట్ల లోపు, ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగి గానీ ఇన్‌కంటాక్స్ కట్టేవాళ్ళు గానీ ఉండకూడదు, సొంత కారు ఉండకూడదు (ఆటో, ట్యాక్సీ, ట్రాక్టర్‌కి మినహాయింపు, మీ ట్రాక్టర్ ఆయన సంగతి కూడా ఇదే). సిక్స్ స్టెప్ వాలిడేషన్ (అర్హత చూసే ఆరు రకాల తనిఖీ) అంటే ఊళ్ళో చదువు రాని ముసలమ్మకి కూడా తెలుసు, ఎందుకంటే పింఛను దాని మీద ఆగింది కాబట్టి. కొడుకు పట్నంలో ఉద్యోగం చేస్తూ పేరు మాత్రం ఇక్కడి కార్డులోనే ఉండిపోయి తల్లికి ఇబ్బందైన ఇళ్ళు నేను చూశాను. అలాంటి ఇంటికెళ్ళి ఎంత వస్తుంది అని అడిగితే భయపడరా మరి. వాళ్ళని తప్పు పట్టకండి.

ఒక సంగతి ఆలోచించండి, ఆస్తులు అడిగినా ఇదే భయం ఉంటుంది. 2011 సామాజిక ఆర్థిక కుల గణనలో బండి ఉందా, ఫ్రిజ్ ఉందా, ల్యాండ్‌లైన్ ఉందా, పక్కా గోడలూ కప్పూ ఉన్న గదులు మూడు ఉన్నాయా, కిసాన్ క్రెడిట్ కార్డు అప్పు లిమిటు 50,000 ఉందా అని చూసి ఏ ఒక్కటున్నా పేదల లెక్కలోంచి తీసేసే పద్ధతి పెట్టారు. మోటారు ఉన్న చేపల పడవ కూడా ఆ లిస్టులోదే. కాబట్టి ముందు మీ కాలేజీ ఐడీ చూపించండి, ఆధార్ ఫోన్ నంబరు ఏవీ అడగనని చెప్పండి, అసలు కాగితం మీద పేరే రాయకండి, ఇంటికో నంబరు వేసుకోండి. కప్పు, నేల, గోడలు మీరే చూసి రాసుకోవచ్చు, అడగక్కర్లేదు.

కవిటి_తోట

నాది ఉద్దానం, శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడి తోటల ప్రాంతం. మీ లిస్టులో చెట్లున్నాయా? టీవీ ఫ్రిజ్ అని మొదలెట్టే ప్రతి సర్వేలోనూ మా దగ్గర ఇదే పోతుంది. మా వైపు కొబ్బరీ జీడీనే ఆస్తి, కూతురి పెళ్ళి కుదిరితే తోట చూసి అప్పిస్తారు, ఇంట్లో టీవీ చూసి ఎవడూ ఇవ్వడు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి మా ఇల్లు నిలబడింది, టీవీ ఉంది, బీరువా ఉంది, బండి తడిసింది గానీ స్టార్టయింది. తెల్లారి తోటకెళ్తే కాపుకొచ్చిన కొబ్బరి చెట్లు ఒకదాని మీద ఒకటి పడి అడుగు పెట్టడానికి సందు లేదు, మా తాత వేసిన జీడిచెట్లు వేళ్ళతో సహా పైకి లేచి ఉన్నాయి, వేర్లకి పట్టుకున్న ఎర్రమట్టి ఇంకా రాలుతోంది. ఆ వారం ఎవరైనా వచ్చి మీ లిస్టు పట్టుకుని టిక్కులు పెడితే తుఫానుకి ముందు ఎంత స్కోరో తర్వాతా అంతే వచ్చేది. కొబ్బరి మళ్ళీ నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు, ఆ ఆరేడేళ్ళూ ఇంట్లో ఫ్రిజ్ అలాగే ఉంటుంది మనుషులు మాత్రం చెన్నై, హైదరాబాద్ వలస పోతారు.

ఇంకోటి కూడా రాయాలి. మా ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్ళు ఎన్నో. డయాలసిస్ ఉచితమే అయినా రానూపోనూ ఖర్చు, మందులు, తోడెళ్ళే మనిషికి కూలి పోవడం, ఇవన్నీ ఉంటాయి. ముందు బంగారం తాకట్టు పెడతారు, తర్వాత పశువుల్ని అమ్ముతారు, ఆఖరికి తోటలో కొంత. బండీ టీవీ ఎవరూ అమ్మరు, అమ్మినా ఏం రాదు. కాబట్టి ఇప్పుడేముంది అని ఒక్కటే అడక్కండి, ఈ ఐదేళ్ళలో ఏం అమ్మారు, ఏం తాకట్టు పెట్టారు, ఎందుకు అని అడగండి. దయచేసి అడగండి.

రాజాం_రోడ్డు

పైన తోట గురించి రాసినాయన మాట నూటికి నూరు పాళ్ళు నిజం. మా వైపు చెట్ల బదులు స్లాబు గురించి చెప్పాలి. మా వీధిలో సగం ఇళ్ళు స్లాబులే, పైన ఇనుప ఊచలు అలాగే నిలబెట్టి వదిలేసి ఉంటాయి తర్వాత అంతస్తు వేద్దామని, గోడలకి లోపల సిమెంటు ప్లాస్టింగ్ ఉంటుంది బయట ఇటుకే. ప్రభుత్వం ఇచ్చిన డబ్బు పునాదికీ గోడలకీ సరిపోతే స్లాబుకి అప్పు తెచ్చారు, నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి. మీ లిస్టులో అది పక్కా ఇల్లు, ఎక్కువ మార్కులు. పక్కన పెంకుటింట్లో ఉండే ఆయనకి చెరువు కింద రెండెకరాల పల్లం, పాడి గేదెలు, రూపాయి అప్పు లేదు, ఆయనకి తక్కువ మార్కులొస్తాయి.

2019లో జరిగిన జాతీయ శాంపిల్ సర్వేలో మన రాష్ట్రంలో వ్యవసాయ కుటుంబాల్లో 93 శాతం అప్పుల్లో ఉన్నాయని తేలింది, కుటుంబానికి సగటు అప్పు 2.45 లక్షలు. ఆ ఏడాది అప్పులూ ఆస్తుల సర్వేలోనే పల్లెల్లో మొత్తం ఆస్తి విలువలో మూడింట రెండొంతులు భూమే అని కూడా వచ్చింది. అందుకని భూమి లేకుండా టీవీ ఫ్రిజ్జులతో కట్టిన స్కోరుని నేనైతే నమ్మను. భూమిలో కూడా పల్లం వేరు, మెట్ట వేరు, కాలవ మొదట్లో ఉన్నది వేరు చివర్లో ఉన్నది వేరు, జిరాయితీ (సొంత హక్కు భూమి) వేరు డి-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి) వేరు. సీతంపేట వైపు ఏజెన్సీ ఊళ్ళయితే పోడు పట్టా (అడవి భూమి సాగు చేసుకునే హక్కు కాగితం) ఉందా లేదా అన్నది కూడా.

పాత_వెలుగు

అమ్మాయీ, నేను 2000లో పేదరికం తగ్గించడానికి పెట్టిన వెలుగు ప్రాజెక్టు మొదలైన రోజుల్లో పని చేసిన దాన్ని, మొదటి ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. అప్పుడు మేం లిస్టు పట్టుకుని ఇంటింటికీ తిరగలేదు, ఊరివాళ్ళందరినీ రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం వేయించేవాళ్ళం. ఏ ఇల్లు నిరుపేద, ఏ ఇల్లు పేద, ఏది పర్వాలేదు అని వాళ్ళే చెప్పేవారు. వాళ్ళు చూసేవి వేరేగా ఉండేవమ్మా, సొంత గింజలు ఎన్ని నెలలొస్తాయి, ఇంట్లో పని చెయ్యగల మగమనిషి ఉన్నాడా, ఆవిడ ఒంటరిదా, ఎడ్లు సొంతమా అద్దెకా. నువ్వు చెయ్యాల్సింది చిన్న పని, ఒక్కో ఊళ్ళో మహిళా సంఘం వాళ్ళని కొందరిని కూర్చోబెట్టి మీ ఊళ్ళో కలిగిన ఇల్లు అంటే ఏం ఉంటుంది, లేని ఇల్లు అంటే ఏం ఉండదు అని అడుగు. నీ లిస్టు అక్కడే తయారైపోతుంది. అందరి ముందూ ఎవరి పేరూ ఎత్తనివ్వకు, పేదవాళ్ళు చిన్నబోతారు.

నాగావళి_పిల్ల

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. పిన్నిగారు చెప్పినట్టు ముందు సంఘం వాళ్ళతో కూర్చుంటాను, మా ఊళ్ళో మీటింగ్ ఎలాగూ ఉంది. చెట్లు, పశువులు, భూమి రకం కలుపుతాను, అమ్మినవీ తాకట్టు పెట్టినవీ వేరే పేజీ పెడతాను. సర్వేల అన్నా, ఒక్క డౌటు, ఫైనాన్స్ మీద తీసుకున్న బండిని ఉన్నట్టు రాయాలా లేనట్టు రాయాలా? అప్పుని స్కోరులోంచి తీసెయ్యాలా?

సర్వేల_మనిషి

బండి ఉన్నట్టే రాయి, పక్కనే ఇంకో గడిలో ఫైనాన్స్ ఉందా అని టిక్ పెట్టు. అప్పుని స్కోరులో కలపకు చెల్లీ, అప్పు పుట్టాలన్నా ఎంతో కొంత ఉండాలి, అసలేమీ లేని ఇంటికి ఎవరూ అప్పివ్వరు, అందుకని కలిపితే వెయిట్లు అటూ ఇటూ అయిపోతాయి. అప్పు, ఎవరి దగ్గర తెచ్చారు (బ్యాంకా, సంఘమా, వడ్డీ వ్యాపారా), ఎందుకు తెచ్చారు, ఈ మూడూ వేరే కాలమ్స్‌లో పెట్టి, స్కోరు ఎక్కువుండి వడ్డీ వ్యాపారి దగ్గర అప్పున్న ఇళ్ళని విడిగా తీసి వాళ్ళ పిల్లల చదువు చూడు. నీ ప్రాజెక్టులో అసలు చాప్టర్ అదే అవుతుందని నా అనుకోలు. టాపిక్ చదువు కాబట్టి స్టడీ టేబులు, కంప్యూటరు లాంటివి లిస్టులో పెట్టకు, చదువుకునే ఇంట్లోనే అవి కొంటారు కాబట్టి రిజల్టు ముందే వచ్చేసినట్టు ఉంటుంది. భూమి పల్లం ఎంత మెట్ట ఎంత అని సెంట్లలో రాయి, చెట్లయితే కాపుకొచ్చినవి ఎన్ని లేతవి ఎన్ని. ఒక్కసారి పది ఇళ్ళలో ట్రయల్ వేసి షీటు ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.