పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం): బెయిలొచ్చినా ఏడాదిపాటు జైల్లోనే ఉంచొచ్చా?

కొత్త_పాఠకుడు: నాలుగు దొంగతనం కేసులుంటాయి, నాలుగింటిలోనూ బెయిలొస్తుంది. జైలు గేటు దాటకముందే పీడీ యాక్ట్ ఆర్డరు చేతిలో పెడతారు. విచారణ లేకుండానే ఏడాది. అరెస్టయినవాళ్లకు రక్షణలిచ్చే రాజ్యాంగం ఆర్టికల్ 22 ఉండగా ఇదెలా చెల్లుతోంది? ప్రభుత్వానికి అడ్డు ఎక్కడ?

గోదారి_గట్టు: రాజ్యాంగమే దీనికి తలుపు తెరిచింది, బాధంతా అదే. లాయరు హక్కు, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరు ఈ నిర్బంధానికి వర్తించవని 22(3)లోనే ఉంది. మిగిలిన రక్షణలు కొన్నే. అడ్వైజరీ బోర్డు (నిర్బంధానికి తగిన కారణం ఉందో లేదో చూసే సలహా మండలి) ఒప్పుకోకుండా 3 నెలలు దాటకూడదు. కారణాలు చెప్పాలి, వాటిమీద మొరపెట్టుకోనివ్వాలి.

1986 నాటి మన పీడీ యాక్టులో గడువులు గట్టివే. కలెక్టరో కమిషనరో ఇచ్చిన ఆర్డరును 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించకపోతే అది పోయినట్టే. లోపల వేసిన రోజు నుంచి 5 రోజుల్లో కారణాలు అందాలి, 3 వారాల్లో ఫైలు బోర్డుకు చేరాలి, 7 వారాల్లో బోర్డు నివేదిక రావాలి. గరిష్ఠం 12 నెలలు. ముందు ఈ తేదీలు ఒక కాగితం మీద వేసుకోండి.

రిట్_పిటిషన్: తేదీలు సరిపోయినా ఆర్డరు నిలవకపోవచ్చు. రామ్‌మనోహర్ లోహియా కేసులో (1965) సుప్రీంకోర్టు ఒకదానిలో ఒకటి మూడు వలయాలు గీసింది. బయటిది శాంతిభద్రతలు, దాని లోపల పబ్లిక్ ఆర్డర్, నడుమ దేశ భద్రత. పీడీ పెట్టాలంటే వ్యవహారం పబ్లిక్ ఆర్డర్ (జనజీవనాన్నే కుదిపే స్థాయి) వలయానికి చేరాలి. మామూలు దొంగతనం, చీటింగ్ బయటి వలయం దాటవు. తెలంగాణ ఆర్డర్లు 2021 నుంచి వరసగా కొట్టేసింది ఎక్కువగా ఈ పాయింటు మీదే. బెయిలొచ్చినవాడు మళ్లీ నేరం చేస్తాడన్న భయముంటే బెయిల్ రద్దు కోరాలి గానీ పీడీ పెట్టకూడదని కూడా 2021లో చెప్పింది.

ఇచ్చిన కాగితాలు ఒక్కొక్కటీ తిరగేయండి. తెలుగు తప్ప రానివాడికి ఇంగ్లిష్ రిమాండ్ రిపోర్టు, అక్షరాలు అలుక్కుపోయిన జిరాక్సు ఇస్తే, కారణాలు చెప్పి మొరపెట్టుకోనివ్వాలన్న 22(5) దెబ్బతిన్నట్టే. నోటితో చదివి వినిపించామంటే చాలదని 1962లోనే తేలింది.

తీర్పుల_గది: ఒక హెచ్చరిక. ఒకేసారి 12 నెలలకు ఆర్డరివ్వకూడదన్న 2014 తీర్పును ఇంకా పిటిషన్లలో రాస్తున్నారు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ అది సరికాదంది, కాకినాడ నాటుసారా కేసులో నిర్బంధాన్ని నిలబెట్టింది. ఆ పాయింటు మీద ఆధారపడొద్దు.

నన్నడిగితే అసలు అన్యాయం 44వ రాజ్యాంగ సవరణ విషయంలో జరిగింది. 22లోని 3 నెలలను 2కు తగ్గిస్తూ, బోర్డు ఏర్పాటును హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫార్సుకు అప్పగిస్తూ 1978లో పార్లమెంటు ఆమోదించింది. ఆ సెక్షన్‌ను అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. తన అధికారానికి వేసిన కళ్లెం ఎప్పుడు తగిలించుకోవాలో ప్రభుత్వమే తేల్చుకోవడమేమిటి?

కొత్త_పాఠకుడు: బోర్డు ముందుకు లాయర్ని తీసుకెళ్లొచ్చా?

గోదారి_గట్టు: హక్కుగా కుదరదండీ. ప్రభుత్వం తరఫున లాయరొస్తే మాత్రం ఇతనికీ ఇవ్వాలి. లాయరు కాని స్నేహితుణ్ణి వెంట తెచ్చుకోవచ్చని ఎ.కె.రాయ్ కేసు సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. అది ముందే రాతపూర్వకంగా అడగండి.